వాకాడు నేర్పే రాజనీతి

*నాలుగు వందల ఏళ్ల చరిత్ర, ఒక ముఖ్యమంత్రి, రాని ఓడరేవు, రెండు సుప్రీంకోర్టు తీర్పులు. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరి చుట్టూ రాజనీతి శాస్త్రం చదవాల్సినంత ఉంది. చదివే పిల్లలకే ఆ సంగతి చెప్పేవాళ్లు కావాలి.*

గూడూరులో బస్సెక్కితే విద్యానగర్, కోట దాటాక వాకాడు వస్తుంది. ఇటు స్వర్ణముఖి, అటు కాస్త దూరంలో బంగాళాఖాతం. మధ్యలో వరి మళ్లు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. తూపిలిపాలెం బీచికి పోయేవాళ్లు ఈ ఊరి మీదుగానే పోతారు. మామూలు మండల కేంద్రం. అయినా ఆంధ్రప్రదేశ్‌లో రాజకీయాలు పట్టించుకునే ఎవరికైనా ఈ ఊరి పేరు తెలుసు. ‘నేదురుమల్లి జనార్దనరెడ్డి ఊరు కదా’ అనేస్తారు. వాకాడు పరిచయం చాలామందికి ఆ ఒక్క మాటతో మొదలై ఆ ఒక్క మాటతోనే ముగుస్తుంది.

ఈ మండలం నుంచి డిగ్రీలో రాజనీతి శాస్త్రం తీసుకున్న పిల్లవాడికి రచ్చబండ దగ్గర ఎదురయ్యే ప్రశ్న కూడా ఒక్కటే. ‘ఏం చదవతా ఉండావు నాయనా?’ అని పెద్దాయన అడుగుతాడు. పొలిటికల్ సైన్స్ అని జవాబు వస్తే, ‘అయితే రాజకీయాల్లో చేరతావా?’ అంటాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి ఉండదు. రాజకీయం చేసేవాళ్లను ఈ నేల చాలామందినే చూసింది. రాజకీయాన్ని చదివి, రాసి పెట్టేవాళ్లు మాత్రం అరుదు. ఆ అరుదైన పనికి వాకాడు కంటే మంచి చోటు దొరకడం కష్టం. ఎందుకో చెప్పడానికే ఈ కథనం.

దుగరాజపట్నం: రెండుసార్లు చేజారిన అవకాశం

వాకాడు మండలంలో, పులికాట్ సరస్సుకు పైన, సముద్రం అంచున దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషు రికార్డుల్లో దీని పేరు ఆర్మగాన్. ఆరుముగ మొదలియారు అనే స్థానిక పెద్ద ఇంగ్లీషు వర్తకులకు సాయం చేశాడని, ఆయన పేరే అలా మారిందని చెబుతారు. ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. బట్టల వ్యాపారం కోసం వచ్చినవాళ్లు ఫిరంగులు కూడా అమర్చుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకుని కూర్చున్న తొలి చోటు ఇదే. మద్రాసు అప్పటికి ఇంకా పుట్టలేదు.

ఇక్కడ వ్యాపారం ఆశించినట్టు సాగలేదు. ఆర్మగాన్ స్థావరానికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం పట్టా సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీ మకాం అక్కడికి మారింది. సెయింట్ జార్జి కోట లేచింది. తెలుగు జిల్లాల మీద అధికారమంతా ఆ తర్వాత మూడు శతాబ్దాల పాటు క్రమంగా ఆ కోటలో పోగుపడింది. దుగరాజపట్నం మత్స్యకార పల్లెగా మిగిలింది.

అక్కడి నుంచి 2014కు రండి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో కేంద్రం ఇచ్చిన హామీల జాబితా ఉంది. అందులో ఒకటి దుగరాజపట్నంలో భారీ ఓడరేవు. మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తి కావాలని చట్టంలోనే రాశారు. పార్లమెంటు ఆమోదించిన చట్టంలో మన మండలంలోని పల్లె పేరు పడింది. తర్వాత లెక్కలు మొదలయ్యాయి. ఒక పక్క శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, ఇంకో పక్క పులికాట్ పక్షుల సరస్సు, ఎగువన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం రేవు. ఆర్థికంగా గిట్టుబాటు కాదని తేల్చి, వేరే చోటు చూపమని రాష్ట్రాన్ని అడిగారు. చూపు రామాయపట్నం వైపు మళ్లింది. దుగరాజపట్నానికి నౌకా నిర్మాణ కేంద్రం వస్తుందన్న మాట ఈమధ్య మళ్లీ వినిపిస్తోంది.

రాజనీతి విద్యార్థికి ఇక్కడ ప్రశ్నల పంట. చట్టంలో రాసిన హామీకి కోర్టులో ఎంత బలం ఉంటుంది? సాధ్యాసాధ్యాలు చట్టం చేయకముందే చూడాలి కదా, ఎందుకు చూడలేదు? కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య నలిగిన హామీకి జవాబుదారీ ఎవరు? సమాఖ్య వ్యవస్థ గురించి పాఠ్యపుస్తకంలో ఇరవై పేజీలు చదివినా అంటని సంగతి, రేవు వస్తుందని నమ్మి భూమి ధరలు చూసుకున్న రైతుతో అరగంట కూర్చుంటే అంటుతుంది.

ముఖ్యమంత్రి ఊరు

నేదురుమల్లి జనార్దనరెడ్డి 1935లో వాకాడులో పుట్టారు. నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదివారు. రాజ్యసభ, రాష్ట్ర మంత్రివర్గం, పీసీసీ అధ్యక్ష పదవి దాటుకుంటూ 1990 డిసెంబరు 17న ముఖ్యమంత్రి అయ్యారు. హైదరాబాద్ మత కల్లోలాల తర్వాత మర్రి చెన్నారెడ్డి దిగిపోయిన సందర్భం అది. తర్వాతి కాలంలో బాపట్ల, నరసరావుపేట, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. నెల్లూరు తీరంలో పుట్టిన మనిషి కోస్తా పొడవునా మూడు నియోజకవర్గాల్లో నెగ్గడం చిన్న విషయం కాదు. భార్య రాజ్యలక్ష్మి వెంకటగిరి నుంచి ఎమ్మెల్యేగా గెలిచి, రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో పాఠశాల విద్య చూశారు. 2007 సెప్టెంబరులో విద్యానగర్ దగ్గర మావోయిస్టులు పేల్చిన మందుపాతర నుంచి దంపతులిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ముగ్గురు చనిపోయారు. 2014 మే 9న జనార్దనరెడ్డి కన్నుమూశారు.

ఈ ప్రాంతం ఆయన్ని చదువుల పేరుతో తలుచుకుంటుంది. విద్యానగర్ ఎన్.బి.కె.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ 1979లో ఆయన చొరవతోనే మొదలైంది. రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. ఆ కాలేజీలో చదివి ఊరు దాటిన కుటుంబాలు ఈ రెండు మూడు మండలాల్లో ఎన్నో.

ఆయన పదవి పోయింది కూడా కాలేజీల విషయంలోనే. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఆయన ప్రభుత్వం ఇచ్చిన అనుమతులను 1992లో హైకోర్టు కొట్టేసింది. ఆ దుమారంలో అక్టోబరు 9న ఆయన రాజీనామా చేశారు. అదే ఏడాది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ప్రవేశాల కోసం క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టంలో చేర్చిన సవరణ కూడా కోర్టులో నిలవలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1993 ఫిబ్రవరి 4న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అదే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు. ప్రధాన తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి.

క్యాపిటేషన్ ఫీజు గురించి మొదలైన ఆ కేసులో కోర్టు ఇంకో పెద్ద మాట చెప్పింది. 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ మాటే 2002లో 86వ సవరణతో రాజ్యాంగంలో 21ఏ అధికరణం అయింది. 2009లో విద్యాహక్కు చట్టం అయింది. దేశంలో రాజ్యాంగం చదివే ప్రతి విద్యార్థీ ఉన్నికృష్ణన్ కేసు చదువుతాడు. అది తమ ఊరి ముఖ్యమంత్రి ఏలుబడిలో మొదలైన తగాదా అని వాకాడు పక్కన చదివే విద్యార్థికి ఎవరైనా చెబితే, ఆ పేజీని అతను ఇంకో కంటితో చదువుతాడు. ఊరికి చదువు తెచ్చిన నాయకుడిని ఊరు గౌరవించుకోవచ్చు. ఆ చదువు అంగడి సరుకు కాకూడదన్న కోర్టు మాటనూ అంతే గౌరవంతో చదవొచ్చు. ఈ రెంటినీ ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోవడం నేర్పాల్సింది రాజనీతి శాస్త్రమే.

అవే రోజుల్లో దూబగుంట

జనార్దనరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 1992లోనే, వాకాడు కూడా అప్పుడు ఉన్న నెల్లూరు జిల్లా ఉత్తరం కొసన, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. సాక్షరతా ఉద్యమం రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న తల్లులు, వాచకంలోని పాఠం చదివి తమ పాఠం తాము రాసుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు దేశానికి తెలిసింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది ఎత్తేశారు.

ఒకే జిల్లా, ఒకే ఏడాది. ఒక కొసన ముఖ్యమంత్రి ఊరు, ఇంకో కొసన ప్రభుత్వ ఆదాయానికి అడ్డం తిరిగిన ఆడవాళ్ల ఊరు. అధికారం ఎక్కడ ఉంటుంది, ఎక్కడి నుంచి పుడుతుంది అన్నది రాజనీతి శాస్త్రంలో మొదటి ప్రశ్న. వాకాడునూ దూబగుంటనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆ ప్రశ్నకు సచివాలయంలో దొరికే జవాబు సగమేనని అర్థమవుతుంది.

గుంట, గట్టు, కట్టుబాటు

తొంభైల్లోనే ఈ తీరానికి రొయ్య వచ్చింది. పొలాలు గుంటలయ్యాయి. డబ్బు వచ్చింది, తెల్లమచ్చ తెగులు వచ్చింది, తాగే నీళ్లలోకి ఉప్పు వచ్చింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీరప్రాంత నియంత్రణ జోన్‌లోకి వచ్చే రొయ్యల చెరువులు తొలగించమంది. ఆ విచారణలో పరిశీలించిన ప్రాంతాల్లో నెల్లూరు తీరం కూడా ఉంది. సంప్రదాయ పద్ధతుల సాగుకు మినహాయింపు దొరికింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. గుంటలు మాత్రం ఇవాళ్టికీ ఉన్నాయి.

తీర్పు ఢిల్లీలో వెలువడుతుంది. దాన్ని అమలు చేయాల్సింది తహసీల్దారు, మత్స్యశాఖ ఉద్యోగి. కాలవ గట్టు మీద నిలబడి చూస్తే ఈ దూరం ఎంతో తెలుస్తుంది. గుంట ఎవరిది, కౌలు ఎవరిది, కరెంటు ఎవరి పేరున ఉంది, పక్క మడి రైతు ఎందుకు ఫిర్యాదు చేయలేదు. ఇవన్నీ రాజకీయ ప్రశ్నలే.

సముద్రం అంచు పల్లెలకు వెళ్తే ఇంకో రకం పాలన కనిపిస్తుంది. పట్టపు మత్స్యకారుల పల్లెల్లో కుల పెద్దలు కూర్చుని తగాదాలు తీరుస్తారు. వేట ఎప్పుడు ఆపాలి, ఏ వల వాడకూడదు అన్నవి కట్టుబాటుగా పెడతారు. అందరూ కలిసి పెట్టుకున్న ఆంక్షను ‘దురాయి’ అంటారు. తీరంలో పోలీసు కేసుకు భయపడనివాళ్లూ దురాయికి తలొగ్గుతారు. పాతకాలపు ఈ పెద్దరికం ఒక్కోసారి ఆడవాళ్ల మీదా, ఎదురుతిరిగిన ఇంటి మీదా బరువుగా పడుతుంది. రాజ్యాంగం ఇచ్చిన పంచాయతీ, కులం పెట్టుకున్న పంచాయతీ ఒకే పల్లెలో పక్కపక్కనే నడుస్తుంటే ఏ మాట ఎక్కడ చెల్లుతుంది? ఇది ఎవరో వచ్చి నాలుగు రోజులుండి తేల్చే విషయం కాదు. ఈ పల్లెల పిల్లలే చదువుకుని, ఈ పల్లెల భాషలోనే రాయాలి.

చిన్న విశ్వవిద్యాలయం, పెద్ద బాధ్యత

ఈ పనికి మన దగ్గర సంస్థలు లేకపోలేదు. నెల్లూరు పక్కన కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. 2008లో పెట్టారు. వయసులోనూ వనరుల్లోనూ చిన్నది. దక్షిణాన తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. వాకాడు ఈ రెండింటి మధ్య ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు వాకాడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా గీత ఎటు గీయాలన్న చర్చ ఆ తర్వాతా సాగింది. కలెక్టరాఫీసు ఎంత దూరమన్నది కూడా రాజనీతి శాస్త్రంలో పాఠమే.

విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టాలన్నది మనవాళ్లకు ఎప్పుడూ రాజకీయ ప్రశ్నే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ నాయకులు ఒడంబడిక రాసుకున్నారు. అందులో మొదటి సంగతే విశ్వవిద్యాలయం. వాల్తేరులో ఒక కేంద్రం ఉంటే అనంతపురంలో ఇంకోటి ఉండాలన్నారు. నీళ్ల సంగతి వచ్చేసరికి రాయలసీమతో పాటు నెల్లూరు పేరు కూడా విడిగా రాశారు. కోస్తాలో ఉండి కూడా నెల్లూరు వెనుకబాటును సీమతో కలిపి చూశారన్నమాట. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మరుసటి ఏడాదే తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చింది. చిన్న ఊళ్ల పిల్లలకు పెద్ద చదువు అందడం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, అడిగి తెచ్చుకున్నది.

ఆ తెచ్చుకున్న చదువులో రాజనీతి ఇప్పుడు వెనకబెంచీకి పోయింది. మొన్నమొన్నటి దాకా మన డిగ్రీ కాలేజీల్లో బీఏ అంటే హెచ్‌ఈపీ. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి మూడు పాయల జడలా కలిసి ఉండేవి. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఆ జడ విడిపోయింది. ఒక్క సబ్జెక్టే ముఖ్యంగా ఎంచుకోమంటే గ్రామీణ కాలేజీలో రాజనీతికి చేరేవాళ్లు ఎంతమంది? చేరినవాళ్లలో ఎక్కువమంది చూపు గ్రూప్-2 మీద. అందులో భారత రాజ్యాంగం సిలబస్ ఉంది కాబట్టి ఈ సబ్జెక్టు. ఉద్యోగం కోసం చదవడం తప్పు కాదు. ఇంట్లో పరిస్థితి అలాంటిది. కానీ అధికరణాల నంబర్లు బట్టీ పట్టడమే రాజనీతి అనుకుంటే, సొంత ఊళ్లో జరుగుతున్నది కంటికి ఆనదు.

చిన్న చోట రాజనీతి చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు పాత నెల్లూరు జిల్లా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, చవటపాలెం నుంచి వచ్చి వి.ఆర్. కాలేజీలో రాజకీయాలు, దౌత్య అధ్యయనాలతో బీఏ చేసిన విద్యార్థి ముప్పవరపు వెంకయ్యనాయుడు. ఆయన 2017లో భారత ఉపరాష్ట్రపతి అయ్యారు. రెండో జవాబు అంతకంటే ముఖ్యమైనది, అంతకంటే తక్కువమందికి తెలిసింది. 1889లో ఆ జిల్లా పురిణిలో పుట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తర్వాత బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. స్వతంత్ర భారతంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరగగానే, బొంబాయి నగరంలో ఆ ఎన్నిక ఎలా నడిచిందో పరిశోధించి పుస్తకం రాశారు. అంతకుముందే మద్రాసు రాష్ట్రంలో స్థానిక బోర్డుల ఎదుగుదల మీద రాశారు. తర్వాత ఆంధ్రలో స్వాతంత్ర్య సమరం పత్రాలను నాలుగు సంపుటాలుగా కూర్చారు. 1968లో పద్మభూషణ్ అందుకున్నారు.

వెంకటరంగయ్య గారి పద్ధతి గమనించండి. ప్లేటో, లాస్కీ చదివిన పండితుడు జిల్లా బోర్డుల లెక్కలు చదవడం తక్కువ పని అనుకోలేదు. కళ్లముందు జరిగిన ఎన్నికను కళ్లముందే రికార్డు చేశారు. దానికి పెద్ద నిధులో, పెద్ద భవనమో అక్కరలేదు. ఊరు తెలిసిన విద్యార్థి, పద్ధతి తెలిసిన గురువు చాలు. ఈ రెండూ పెద్ద విశ్వవిద్యాలయంలో కంటే చిన్నదానిలోనే సులువుగా కలుస్తాయి. ఇరవైమంది ఉన్న తరగతిలో ఎవరిది ఏ ఊరో గురువుకు తెలుస్తుంది.

ఒక్క కాగితంతో మొదలుపెట్టొచ్చు

ఎన్నికల సంఘం దగ్గర ఫారం-20 అని ఒకటి ఉంటుంది. నియోజకవర్గం తుది ఫలితాల పట్టిక. ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక్కో వరుస. అడ్డంగా అభ్యర్థుల పేర్లు, ఒక్కొక్కరికి ఆ బూత్‌లో పడ్డ ఓట్లు, చివర నోటా, మొత్తం. ఎవరైనా చూడొచ్చు. గూడూరు నియోజకవర్గం పట్టిక ముందు పెట్టుకుని వాకాడు మండలం బూత్‌లు వెతకండి. ఊరి బూత్ పక్కనే దళితవాడ బూత్, ఆ కింద తీరపు పల్లె బూత్. 2014లో ఒక పార్టీ నుంచి గెలిచిన పాశిం సునీల్‌కుమార్ 2024లో ఇంకో పార్టీ నుంచి గెలిచారు. రెండు ఎన్నికల్లోనూ ఒకే బూత్ ఆయనకు ఎన్ని ఓట్లు వేసింది? ఓటు మనిషితో నడిచిందా, పార్టీతో నడిచిందా? రెండు వరుసలు పక్కపక్కన పెడితే ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడుతుంది. జవాబు కోసం ఆ వాడకు వెళ్లాలి, మాట్లాడాలి.

ఇంకో సంగతి. గూడూరు అసెంబ్లీ ఎస్సీ రిజర్వుడు స్థానం, తిరుపతి లోక్‌సభ కూడా అంతే. అంటే ముఖ్యమంత్రిని ఇచ్చిన వాకాడులో ఓటరు ఎమ్మెల్యేగానూ ఎంపీగానూ దళిత ప్రతినిధులనే ఎన్నుకుంటాడు. పెద్ద కుటుంబాల పలుకుబడి, రిజర్వుడు స్థానం ఇచ్చే ప్రాతినిధ్యం ఒకే చోట ఎలా సర్దుకుంటున్నాయి? టికెట్టు ఎవరు ఇప్పిస్తారు, గెలిచినవాళ్ల మాట ఎవరి దగ్గర చెల్లుతుంది? అంబేద్కర్ పూనా ఒడంబడిక నాడు అడిగిన ప్రశ్న ఇది. దానికి తాజా జవాబు వాకాడు బూత్‌లలో ఉంది.

అందుకే విశ్వవిద్యాలయాలను అడగాల్సింది కొత్త భవనాలొక్కటే కాదు. ఎంఏ రాజనీతి చదివే ప్రతి విద్యార్థీ ఒక్క ఊరి మీద, ఒక్క ఎన్నిక మీద, లేకపోతే ఒక్క గ్రామసభ మీద తెలుగులో యాభై పేజీలు రాయాలి. గ్రామసభకు ఎంతమంది వచ్చారు, ఎవరు మాట్లాడారు, ఏ తీర్మానం రిజిస్టరులోకి ఎక్కింది, ఏది ఎక్కలేదు. రాసింది గ్రంథాలయంలో ఉండాలి, ఆ ఊరి పంచాయతీలోనూ ఒక ప్రతి ఉండాలి. ఏటా పదిమంది రాసినా పదేళ్లకు వంద ఊళ్ల రాజకీయ చరిత్ర మన చేతిలో ఉంటుంది. ఈసారి దుగరాజపట్నం పేరు ఏ చట్టంలోకైనా ఎక్కేటప్పుడు, ఆ ఊరి గురించి చదవడానికి ఢిల్లీ వాళ్లకు ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని రాసింది ఆ ఊరి బిడ్డ అయి ఉంటుంది.

రచ్చబండ పెద్దాయన ప్రశ్నకు అప్పుడు ఆ బిడ్డ దగ్గర నిబ్బరమైన జవాబు ఉంటుంది. రాజకీయాల్లో చేరినా చేరకపోయినా, అవి తన ఊరిని ఏం చేస్తున్నాయో లెక్కతో సహా చెప్పగలిగే మనిషి ఊళ్లో ఒకరు ఉండాలి. వాకాడుకు నాయకుల కొరత ఎప్పుడూ లేదు. ఇప్పుడు కావాల్సింది ఆ మనిషి. అలాంటి మనిషిని తయారు చేయడం చిన్న విశ్వవిద్యాలయానికి చేతనయ్యే పని, చేసి తీరాల్సిన పని.